చవితినాడు తెర మీద చంద్రుడు

18 జూలై 1999, ఆదివారం

ఆఫీసువాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇన్నాళ్లూ బీరువాలో చీరల కింద పడుంది. ఇవాళ తీశాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి అక్షరాలు కోడి గీకినట్టున్నా పరవాలేదు. ఇరిగేషన్ ఆఫీసులో రోజంతా హిందీ టైపు కొట్టే వేళ్లివి. తెలుగు రాసి ఎన్నేళ్లయిందో.

చిన్నదాని బడిలో వ్యాసం రాసుకు రమ్మన్నారట. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టి ముప్ఫై ఏళ్లయింది, అప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏం చూశారో అడగమన్నారు.

"అమ్మా, నువ్వు టీవీలో చూశావా?"

"టీవీనా? అప్పుడు రాయపూర్‌లో ఎవడింట్లో ఉందే టీవీ? రేడియోలో విన్నాం. రెండు నెలల తర్వాత రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెల్లగుడ్డ కట్టి సినిమా వేశారు."

"ఎలా ఉంది?"

"బూడిదలా ఉంది."

నిజమే చెప్పాను. లోకోషెడ్డు వెనక బొగ్గు బూడిద పారబోసే దిబ్బ ఉండేది. చంద్రుడంతా అదే. ఆ దిబ్బ మీద తెల్ల మూటలాంటి మనిషొకడు గెంతుతున్నాడు. మేం పిల్లలందరం చంద్రుడేడీ, చంద్రుడేడీ అని ఒకటే గోల.

వంటింట్లోంచి పిన్ని కేకేసింది. "సగం సగం చెప్తావేటే గుంటా? చవితినాడు చూసేమని చెప్పు. నన్ను చంద్రుడు దొంగని చేసేడని చెప్పు!"

అని నవ్వింది. ముప్ఫై ఏళ్ల నుంచీ ఆ మాట చెప్పి నవ్వుతూనే ఉంది. నాకు ఒళ్లు మండుతుంది.

20 జూలై, మంగళవారం

చిన్నదాని వ్యాసానికి టీచరు "బహుత్ అచ్ఛా" అని రాసిందట. పిన్ని దగ్గర కూర్చుని అంతా అడిగి రాసుకుంది. హిందీలో ఉన్నది తెలుగులో ఇక్కడ రాస్తున్నాను.

"మా చిన్నమ్మమ్మ పేరు రమణమ్మ. మా అమ్మమ్మకి చెల్లెలు. 1969లో వాళ్లు రైల్వే కాలనీలో ఉండేవారు. ఇన్‌స్టిట్యూట్ హాల్లో తెలుగువాళ్లు వినాయకుణ్ణి పెట్టేవారు. మొదటిరోజు ఆడవాళ్లందరూ తమ నగలు వినాయకుడికి వేసి, హారతి అయ్యాక తీసుకెళ్లేవారు. చవితినాడు చంద్రుణ్ణి చూస్తే చెయ్యని తప్పు మీద పడుతుంది. కానీ ఊరూరా తిరిగి సినిమా వేసే జీపు ఆ ఒక్కరోజే రాయపూర్‌లో ఉంది, మర్నాడు దుర్గ్ వెళ్లిపోతుంది. తెర మీది చంద్రుడు చంద్రుడేనా కాదా అని పెద్దవాళ్లు దెబ్బలాడుకున్నారు. పంతులుగారు, బొమ్మకి దోషం లేదు, అయినా అందరూ కథ విని అక్షింతలు వేసుకుని సినిమా చూడండి అన్నారు. మా చిన్నమ్మమ్మ ఒక్కతే వేసుకోలేదు. సినిమా అయ్యేసరికి వినాయకుడి మెడలో ఒక నగ లేదు. అది చిన్నమ్మమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. ఆమె తియ్యలేదు. చంద్రుడే ఎవరి చేతనో పెట్టించాడు."

క్లాసులో అందరూ నవ్వారట.

ఒకటి రాయాలి. ఆ అక్షింతలు పంతులుగారు నా చేతిలోనే పెట్టారు. కథ అయిపోయింది, మీ పిన్ని వంటపాకలో కుడుములు దించుతోంది, వెళ్లి తల మీద వెయ్యి అన్నారు. నేను వెయ్యలేదు. దారిలో కోళ్లకి వేశాను.

అంతే నా తప్పు. పదేళ్ల పిల్లని.

28 జూలై, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో ఎవరో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. బట్టతల, ఇస్త్రీ చొక్కా, ఒళ్లో అరటిపళ్ల సంచి. నేను గుర్తుపట్టలేదు. పిన్ని గుర్తుపట్టిందన్నమాట, వంటింట్లోంచి ఇవతలికి రావడంలేదు.

దానయ్య. పార్వతమ్మగారి కొడుకు. అప్పట్లో రైలింజన్ మీద ఫైర్‌మన్, ఇప్పుడు డోంగర్‌గఢ్‌లో రైలు గార్డు. పెళ్లాం పోయి రెండేళ్లయిందట, పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్లున్నారట.

మా ఆయనతో అన్నాడు. "అచ్చయ్యగారూ, తిన్నగా చెప్పీస్తాను. రమణమ్మని చేసుకుందామనుకుంటన్నాను."

మా ఆయనకి పొలమారింది. "ఈ వయసులోనా అండీ?"

"ఆ వయసులోనే చేసుకోవలసింది. దసరా వెళ్లేక ముహూర్తం కూడా పెట్టీసేరు. మీకు తెలుసు కదా ఏటయిందో."

తెలుసు. పోయిన ఆ నగ పార్వతమ్మగారిదే. పలకసర్ల గొలుసు. కాబోయే కోడలు అత్తగారి నగ దొంగిలించిందని పెళ్లి చెడిపోయింది.

"మా అమ్మ ఉంది ఇంకా," అన్నాడు దానయ్య. "ఎనభై దాటీసేయి. చూపు లేదు గానీ నోరుంది. దొంగని ఇంట్లోకి తెస్తే అన్నం ముట్టనంటంది. ఆ రోజు పక్కనున్నవాళ్లెవరైనా, రమణమ్మ వినాయకుడి దీపం దగ్గర్నించి లేవలేదని ఒక్క మాట చెప్తే చాలంట. ఒప్పుకుంటానంది." అని నావైపు చూశాడు. "పక్కన కూర్చున్న గుంటవి నువ్వే కదమ్మా, సరోజినీ?"

అవును, నేనే.

29 జూలై

మంచాన ఉన్న మా అత్తగారి పక్క మూడుసార్లు తడిసింది. మూడుసార్లూ పిన్నే మార్చింది.

1 ఆగస్టు, ఆదివారం

కోపంగా ఉంది. ఎవరి మీదో తెలీదు.

పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆటో ఎక్కితే ఇల్లు చేరేసరికి ఆరు. మా ఆయనది ఉర్లాలో రోలింగ్ మిల్లు ఉద్యోగం, షిఫ్టు ఎప్పుడో ఆయనకే తెలీదు. అత్తగారు శేషమ్మ నాలుగేళ్లుగా మంచం మీద. పక్షవాతం. ఆవిడకి ఒళ్లు తుడవాలి, పుళ్లు పడకుండా గంటకోసారి తిప్పాలి, జావ పట్టాలి. జీతమిచ్చి పెట్టుకున్న ఆడమనుషులు ఒక్కొక్కరూ వారం తిరక్కుండా దండం పెట్టి పోయారు. పిన్నికి తప్ప ఆవిడ నోరు తెరవదు. పిన్ని వెళ్లిపోతే?

నేను స్వార్థపరురాలిని కాను. నలభై తొమ్మిదేళ్ల మనిషికి ఇప్పుడు కొత్త కాపురమేమిటి? అక్కడ మాత్రం ఏముంది, ఆ పార్వతమ్మ గుడ్డలు ఉతకాలి. ఇక్కడ తన వాళ్లం. పిన్ని మంచికే ఆలోచిస్తున్నాను.

5 ఆగస్టు

జడ వేసుకుంటుంటే పిన్ని వెనక నుంచుంది. దువ్వెన లాక్కుని తనే వేసింది. చిన్నప్పుడు వేసినట్టే, నెత్తి లాగేస్తూ.

"చెప్తావు కదే సరూ?"

"చెప్తాలే."

"అబద్ధం చెప్పమనడంలేదు. చూసిందే చెప్పు. నేను కదల్లేదని నీకు తెల్సు కదేటి?"

"చెప్తానన్నాను కదా! ఎన్నిసార్లు అడుగుతావ్?"

"అదిగో, కోపం. ఊరికే అడిగేనే తల్లీ."

14 ఆగస్టు, శనివారం

పిన్ని చిన్నదాన్ని తీసుకుని గోల్ బజార్ వెళ్లి ఆకుపచ్చ గాజులు కొనుక్కొచ్చింది. అత్తగారి ఒళ్లు తుడుస్తుంటే ఒకటే గలగల. అత్తగారు వంకర నోటితో నవ్వింది. ఈ ఇంట్లో మంచాన పడ్డ మనిషితో సహా అందరికీ సంబరంగానే ఉంది.

15 ఆగస్టు, ఆదివారం

వాన. రిక్షాలన్నిటికీ జెండాలు.

ఆ రోజు సినిమా మధ్యలో నేను పిన్ని పక్కనుంచి లేచాను. వినాయకుడి మెడలో పలకసర్లు పక్కకి జారిపోతే సర్దాను.

పై వాక్యం అబద్ధం. నాకు నేను రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధమేమిటో! కొట్టెయ్యను, ఉండనీ.

22 ఆగస్టు, ఆదివారం

ఇంట్లో ఎవరూ లేరు. అత్తగారు నిద్రపోతోంది. రాసేస్తాను.

నాకు ఏడేళ్లప్పుడు పిన్ని బొబ్బిలి నుంచి మా ఇంటికొచ్చింది. అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. నాకు నీళ్లు పోసేది, జడ వేసేది, రాత్రి పక్కలో పడుకోబెట్టుకునేది. మా నాన్న సత్తిరాజు వ్యాగన్ షాపులో ఫిట్టరు, ఆయనకి నేను రెండో తరగతో నాలుగో తరగతో కూడా తెలీదు. నాకున్నదల్లా పిన్నే. అలాంటిది దానయ్య సంబంధం వచ్చిన దగ్గర్నుంచి పిన్ని వేరే మనిషయిపోయింది. జడ వేస్తూ వేస్తూ సగంలో వదిలేసి కిటికీ దగ్గరికి పోయేది. పెళ్లయి వెళ్తే నన్నూ తీసుకెళ్తావా అంటే, "నువ్వెందుకే అక్కడ, కొత్త కాపురంలో!" అని నవ్వింది. అమ్మా వాళ్లూ కూడా నవ్వారు.

చవితినాడు జడే వెయ్యలేదు. కుడుముల పని ఉంది, అమ్మ దగ్గరికి పో అంది. అందుకే అక్షింతలు కోళ్లకి వేశాను. పిన్ని మీద ఏదైనా నింద పడాలి, అప్పుడు తెలిసొస్తుంది అనుకున్నాను. చంద్రుడు చేస్తాడని నిజంగానే నమ్మాను.

సాయంత్రం ఏడింటికి హాల్లో దీపాలార్పి సినిమా మొదలుపెట్టారు. ఆ చివర తెర, ఈ చివర వినాయకుడు. దీపం కొండెక్కకుండా చూసే పని పిన్నిది. నేను పక్కన కూర్చున్నాను. ఆ మూటమనిషి నిచ్చెన దిగుతున్నాడు. పిన్ని నోరు తెరుచుకుని చూస్తోంది. ఎంతసేపు చూసినా పిన్నికి ఏమీ అవడంలేదు. ఏ నిందా పడడంలేదు. చంద్రుడి వల్ల కాలేదు.

అప్పుడు నేను లేచాను. వెనక్కి వెళ్లి పలకసర్లు తీసి గౌను జేబులో వేసుకున్నాను. మా క్వార్టరు యాభై అడుగులుంటుంది. పరిగెత్తుకెళ్లి పిన్ని ట్రంకుపెట్టెలో నీలం చీర మడతలో పెట్టి మూత వేశాను. తిరిగొచ్చేసరికి వాళ్లు ఇంకా బూడిదలో రాళ్లేరుతున్నారు. పిన్ని నా భుజం చుట్టూ చెయ్యి వేసి, "చూడవే సరూ, చంద్రుడి మీద మనిషి!" అంది.

దీపాలు వేశారు. పార్వతమ్మగారు గొల్లుమంది. ఎవరి మీద అనుమానం అని మగవాళ్లు తర్జనభర్జన పడుతుంటే మా అమ్మే అంది, ముందు మా ఇల్లే వెతకండి, దీపం దగ్గర కూర్చున్నది మా పిల్లే కదా, మాకు మాట రాకూడదు అని. అమ్మే పెట్టె తీసింది. అమ్మ చేతికే దొరికింది.

పార్వతమ్మగారు పిన్నిని జుట్టు పట్టుకుని వాకిట్లోకి లాగింది. చెంపలు వాయించింది. "తియ్యలేదు, నేను తియ్యలేదు" అనడం తప్ప పిన్నికి ఇంకో మాట రాలేదు. దానయ్య గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ నన్ను లోపలికి తోసి తలుపు గడియ పెట్టింది, చిన్నపిల్ల చూడకూడదని.

పోలీసుల దాకా పోనివ్వలేదు. పెళ్లి రద్దన్నారు, అంతటితో వదిలేశారు. మర్నాడు అమ్మ అడిగితే తెలిసింది, పిన్ని అక్షింతలు వేసుకోలేదని. "ఇంకేముంది, నీలాపనింద," అంది అమ్మ. దాన్నే పట్టుకుంది పిన్ని. ఎవరు పెట్టారని ఒక్కనాడూ ఎవర్నీ అడగలేదు. చంద్రుడు ఎవరి చేతనో పెట్టించాడు, ఆ మనిషికి కూడా తెలిసుండదు, పాపం అంటుంది. పాపం అట.

పిన్ని మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ పోయింది, నాన్న పోయాడు, నాకు పెళ్లయింది, నాతోపాటే దేవేంద్ర నగర్ వచ్చింది. నా పిల్లని పెంచింది. నేను కోరుకున్నది అదే కదా.

పదేళ్ల పిల్లని. రాస్తున్న మనిషికి నలభై.

23 ఆగస్టు

చెప్తాను. లేవలేదని చెప్పడానికి నాకేం కష్టం? నా సంగతి చెప్పక్కర్లేదు. "పిన్ని లేవలేదు", రెండు మాటలు.

2 సెప్టెంబరు

అత్తగారికి వీపు మీద పుండు మొదలైంది. పిన్ని పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తోంది. "నేనెళ్లినా ఇలా రాయాలి, చూసి నేర్చుకో," అంది నాతో. ముక్కు మూసుకుని చూశాను. వాంతి వచ్చింది.

12 సెప్టెంబరు, ఆదివారం

రేపే చవితి. పార్వతమ్మగార్ని దానయ్య ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకొస్తాడు. చెప్తాను.

13 సెప్టెంబరు, సోమవారం

చెప్పలేదు.

అదే హాలు. కొత్త ఫ్యాన్లు, ట్యూబులైట్లు వచ్చాయి. పార్వతమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టారు. ముడుచుకుపోయి పిల్లంత అయింది, కళ్ల మీద తెల్ల పొర. పిన్ని ఆకుపచ్చ గాజులు, అంచు చీర కట్టుకుని కాళ్లకి దండం పెడితే ఆవిడ పాదాలు వెనక్కి లాక్కుంది.

"సత్తిరాజు కూతురేదీ? రమ్మను."

"ఇక్కడే ఉన్నానండీ."

"దేవుడి ముందు నిజం చెప్పాల. ఆ పొద్దు రమణమ్మ దీపం కాడ్నించి లేచిందా, లేదా?"

దానయ్య నన్నే చూస్తున్నాడు. మా ఆయన నన్నే చూస్తున్నాడు. పిన్ని మాత్రం నావైపు చూడను కూడా లేదు, హాయిగా వినాయకుడికేసి చూస్తోంది. నేనేం చెప్తానో అన్న అనుమానమే లేదు దానికి. అదే చూశాను. అంత నమ్మకమా అనిపించింది. పొద్దున్న అత్తగారి పక్క మార్చబోయి నేను పడ్డ అవస్థ గుర్తొచ్చింది. ఆ పుండు గుర్తొచ్చింది.

"నాకు గుర్తులేదండీ," అన్నాను. "చిన్నపిల్లని. సినిమా చూస్తున్నాను."

"ఇన్నావురా?" అంది ముసలావిడ కొడుకుతో. "పక్కనున్న గుంటే చెప్పనేకపోతంది."

 పిన్ని ఒక్కసారి నావైపు చూసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని ప్రసాదం పంచడానికి లేచింది.

 ఇంటికొచ్చి పిన్ని అత్తగారికి జావ పట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "పోనీలేవే. ముప్ఫై ఏళ్లనాటి మాట, నీకు మాత్రం ఏం గుర్తుంటాది? చంద్రుడి దోషం ఇంకా తీరలేదు, అంతే. నువ్వు బెంగెట్టుకోకు," అని నా తల నిమిరింది.

తిట్టినా బాగుండేది.

14 సెప్టెంబరు, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న పిన్ని లేవలేదు. జ్వరమంది. అత్తగారి పక్క తడిసి కంపు. మా ఆయన అరిచాడు. నేను దుప్పటి లాగుతుంటే అత్తగారు కెవ్వుమంది, పుండు చిట్లింది. ఆఫీసుకి టైమయిపోతోంది. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. "నాటకాలు! పెళ్లి తప్పిపోయిందని జ్వరాలు! దొంగని తెచ్చి ముప్ఫై ఏళ్లు నెత్తిన పెట్టుకున్నాం, అదీ మా బుద్ధిలేనితనం!"

పిన్ని మంచం మీద లేచి కూర్చుంది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

"దొంగంటావా? నువ్వు? ఇంకెవరన్నా పడతాను సరూ, నువ్వనకు. నేను కదల్లేదని నీకు తెల్దా?"

"తెలుసు!" అన్నాను. "బాగా తెలుసు! నువ్వు కదల్లేదు. నేనే తీశాను. నేనే తెచ్చి నీ పెట్టెలో పెట్టాను. చంద్రుడట, చంద్రుడు! తెర మీద బొమ్మ నీ పెట్టె మూత తీస్తుందా? ముప్ఫై ఏళ్లు ఆ మాట చెప్పుకుని నవ్వుతావు, సిగ్గులేదూ?"

గెలిచినట్టనిపించింది. ఒక్క క్షణం. దాచడమెందుకు, నిజంగానే అలా అనిపించింది.

 పిన్ని నెమ్మదిగా, "ఎందుకే?" అంది.

"జడ వెయ్యలేదని," అన్నాను.

16 సెప్టెంబరు

పిన్ని మాట్లాడడంలేదు. పనంతా చేస్తోంది. అత్తగారితో మాట్లాడుతోంది, చిన్నదానితో మాట్లాడుతోంది. నాతో లేదు. సర్దుకుంటుంది. ఎక్కడికి పోతుంది?

19 సెప్టెంబరు, ఆదివారం

దానయ్య వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. తల్లిని ఎలాగో ఒప్పించాడట. సాక్ష్యం అక్కర్లేదట, ఆటో కూడా తెచ్చాడు. మా ఆయన కాఫీ పెట్టమన్నాడు. పిన్ని కాఫీ పెట్టలేదు, వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆవేళ పెట్టిలోన గొలుసు దొరికినప్పుడు, నేనే తీసేననుకున్నారా?"

 దానయ్య అబద్ధం ఆడే మనిషి కాదు. "అనుకున్నాను, రమణమ్మా. కళ్లెదురుగా దొరికింది కదా. అందరూ అనుకున్నారు."

"మీ అమ్మ నన్ను కొడతన్నాది. మీరు చూస్తన్నారు."

"చూసేను. చిన్నవాణ్ణి, ఏటి చెయ్యగలను?"

"మరి ఇప్పుడెందుకొచ్చేరు?"

"ఒక్కణ్ణీ అయిపోయేను. అమ్మకి చూపు లేదు. డ్యూటీకెళ్తే ఇంట్లో మనిషి లేదు. నువ్వయితే మంచిదానివి, ఓపికైనదానివి…"

పిన్ని నవ్వింది. ఈసారి చంద్రుడి కథ చెప్పే నవ్వు కాదు. "ఇన్నాళ్లూ చంద్రుడి మీద తోసీసి అందర్నీ క్షమించేసేనండీ. మీ అమ్మని, మిమ్మల్ని, మా అక్కని. చంద్రుడు చేస్తే మనుషులేటి చేస్తారు, పాపం అనుకున్నాను. ఇప్పుడు చంద్రుడు కాదని తేలింది. చేసినవాళ్లంతా మనుషులే. క్షమించలేను. నాకు రాదు ఇక."

దానయ్యకి అర్థం కాలేదు. ఎవరు, ఏం తేలింది అంటూ నావైపు తిరిగాడు. నేను లోపలికి వచ్చేశాను.

ఆటో ఉంది కదా అని పిన్ని అదే ఆటోలో పెట్టె పెట్టించుకుంది. కింది వాటా తాయారమ్మగారి చెల్లెలు మోవాలో ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్ నడుపుతోంది, వంటకి మనిషి కావాలందట. నాలుగు రోజుల కిందటే మాట్లాడుకుందట. చిన్నదాన్ని ముద్దు పెట్టుకుంది. అత్తగారి కాళ్లు పట్టుకుని ఏడ్చింది. నా పక్కనుంచే వెళ్లింది. దానయ్య అరటిపళ్ల సంచి పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయాడు.

రెండు రోజుల్లో వస్తుంది.

22 సెప్టెంబరు

రాలేదు.

25 సెప్టెంబరు

ఆఫీసుకి సెలవు పెట్టాను. అత్తగారు జావ మింగడంలేదు. "మమ్మ, మమ్మ" అంటోంది. రమణమ్మ అని. ఊరెళ్లింది, వస్తుంది అని చెప్పాను. నోరు బిగబట్టేసింది, చెంచా పళ్లకి తగులుతోంది.

చిన్నది అడిగింది. "అమ్మా, చిన్నమ్మమ్మ ఎందుకు వెళ్లింది?" పని మీద అన్నాను. "నువ్వేమైనా అన్నావా?" అంది. చెయ్యి చేసుకున్నాను. తప్పే.

29 సెప్టెంబరు

పుండు పెద్దదైంది. మా ఆయన ముఖం తిప్పుకుని మిల్లుకి పోయాడు. నేను పసుపు రాశాను. ఆవిడ మూలుగుతుంటే ఊరుకోమని కసిరాను. తర్వాత కూర్చుని ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో అబద్ధం రాయను, నా కోసమే.

2 అక్టోబరు, శనివారం

రేపు మోవా వెళ్తాను. కాళ్ల మీద పడతాను. పడితే కాదనదు. పిన్నికి నేనంటే ప్రాణం. చిన్నప్పుడు నాకు విషజ్వరమొస్తే పదకొండు రోజులు పక్కనుంచి లేవలేదట. అలాంటి మనిషి కాదంటుందా!

3 అక్టోబరు, ఆదివారం

వెళ్లాను. మోవాలో మెయిన్ రోడ్డు మీద ఆటో దిగి అడుగుతూ వెళ్లాను. రెండంతస్తుల ఇల్లు, మెట్ల మీద తడి బట్టలు. వెనక వాకిట్లో బెంచీల మీద పదిమంది అమ్మాయిలు కూర్చుని టిఫిన్ తింటున్నారు. పిన్ని దోసెలు పోస్తోంది. సన్నబడలేదు. ఒళ్లు చేసింది కూడా. "మౌసీ, ఏక్ ఔర్!" అని ఒకమ్మాయి ఇంకో దోసె అడిగితే, "ఆగవే, నూనె కాగనీ," అంటోంది తెలుగులోనే. వాళ్లకి అర్థమవుతోంది.

నన్ను చూసింది. అట్లకాడ కింద పెట్టలేదు.

 పదిమంది ముందు కాళ్ల మీద పడడం ఎలా? "పిన్నీ," అన్నాను. "అత్తగారు అన్నం ముట్టడంలేదు. నిన్నే అడుగుతోంది."

"పుండు మానిందా?"

"లేదు. పెరిగింది."

"వేపాకు నీళ్లతో కడుగు. తడి లేకుండా తుడిచి అప్పుడు రాయి. కింద దిండు పెట్టి పక్కకి తిప్పు." దోసె తిరగేసింది.

"నువ్వు రావా?"

 కళ్లద్దాల అమ్మాయి ఒకతె నన్ను ఎగాదిగా చూసి, "మౌసీ, యే కౌన్ హైఁ?" అని నేనెవరో అడిగింది.

పిన్ని చెయ్యి తుడుచుకుంది. నావైపు చూసి, వాళ్లవైపు చూసి, కోపం ఏమీ లేకుండా, కొత్తవాళ్లకి బంధువుని పరిచయం చేసినట్టు హిందీలో చెప్పింది. "మా అక్క కూతురు. సరోజిని. మీకు చెప్పేను కదా, దేవుడి మెళ్లో గొలుసు దొంగిలించి నా పెట్టెలో పెట్టిన పిల్లని. ఇదే ఆ పిల్ల."

 బెంచీ చివర నాకు దగ్గరగా కూర్చున్న అమ్మాయి తన పర్సు తీసి ఒళ్లో పెట్టుకుంది. కావాలని చెయ్యలేదు, చెయ్యి దానంతటదే వెళ్లింది. నా వయసులో సగం ఉంటుంది. నేను చూశానని తెలిసి తల వంచుకుంది కానీ పర్సు మాత్రం మళ్లీ బెంచీ మీద పెట్టలేదు.

నేను తియ్యను, నేను అలాంటిదాన్ని కాను అని అందామనుకున్నాను.  ఎంత సిగ్గేసిందో ఇక్కడ కూడా రాయలేను.

"టీ తాగుతావా?" అంది పిన్ని.

తాగుతానన్నాను. నిలబడే తాగాను.